వైద్య పత్రికలలో ప్రిస్క్రిప్షన్ మందుల ప్రకటనలు: నిబంధనలు – బాధ్యతలు

మార్కెట్‌లో విక్రయించే వస్తువులలో మందులకు ఒక ప్రత్యేకత ఉంది. సబ్బు, టూత్‌పేస్టు, బిస్కెట్ల వంటి వస్తువుల ప్రకటనను చూసిన వ్యక్తే వాటిని ఎంచుకొని, డబ్బు చెల్లించి, వాడుకుంటాడు. నచ్చకపోతే మరుసటి నెల మానివేస్తాడు. వైద్యుడు రాసి ఇచ్చే మందుల విషయంలో ఈ అవకాశం లేదు. ప్రకటన చూసేది వైద్యుడు, డబ్బు చెల్లించేది రోగి కుటుంబం, మందు మింగేది రోగి. తాను వాడుతున్న మందును గురించి ఏ పత్రికలో ఏమి ప్రచురించారో రోగికి తెలిసే అవకాశం దాదాపుగా ఉండదు. ఈ కారణంగానే వైద్య వృత్తిలో ఉన్నవారి కోసం వెలువడే పత్రికలలోని మందుల ప్రకటనలపై ప్రత్యేక నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఈ నిబంధనలు వైద్యులకు, మందుల కంపెనీలకు, పత్రికల నిర్వాహకులకు మాత్రమే సంబంధించినవిగా కనిపించినప్పటికీ, వాటి ప్రయోజనం అంతిమంగా చేరవలసింది రోగికే.

ప్రిస్క్రిప్షన్ మందులు అంటే ఏవి?

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940, దాని కింద 1945లో రూపొందిన ఔషధ నిబంధనలు దేశంలో మందుల తయారీ, విక్రయాలను నియంత్రిస్తున్నాయి. రిజిస్టర్డ్ వైద్యుని చీటీ లేకుండా చిల్లరగా విక్రయించరాదని ఈ నిబంధనలు పేర్కొన్న మందులు ప్రధానంగా షెడ్యూల్ హెచ్, షెడ్యూల్ హెచ్ 1, షెడ్యూల్ ఎక్స్ అనే మూడు జాబితాలలో ఉన్నాయి. షెడ్యూల్ హెచ్ మందుల లేబుల్‌పై ఎడమవైపు పైభాగాన ‘ఆర్ఎక్స్’ గుర్తు, వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదన్న హెచ్చరిక ఉంటాయి.

శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లు, క్షయ వ్యాధి మందులు, అలవాటుగా మారే అవకాశం ఉన్న కొన్ని మందులు విచ్చలవిడిగా వాడకంలోకి రావడాన్ని అరికట్టే ఉద్దేశంతో షెడ్యూల్ హెచ్ 1ను 2013లో ప్రకటించి, 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చారు. ఆనాడు ఈ జాబితాలో 46 మందులను చేర్చారు. వీటిని విక్రయించినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు వివరాలను మెడికల్ షాపు యజమాని ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, ఆ రిజిస్టరును మూడేళ్లపాటు భద్రపరచవలసి ఉంటుంది. దుర్వినియోగానికి ఎక్కువ ఆస్కారమున్న షెడ్యూల్ ఎక్స్ మందులకు చీటీని రెండు ప్రతులుగా రాయాలి. అందులో ఒక ప్రతిని దుకాణదారు రెండేళ్లపాటు ఉంచుకోవాలి.

విక్రయం విషయంలో ఇంత కట్టుదిట్టం చేసి, ప్రచారాన్ని మాత్రం స్వేచ్ఛగా వదిలివేస్తే ప్రయోజనం ఉండదు. అందుచేతనే ఈ మూడు షెడ్యూళ్లలోని మందులకు కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ప్రకటనలు ఇవ్వరాదన్న షరతును ఔషధ నిబంధనలలో చేర్చారు. సాధారణ దినపత్రికలలో, టెలివిజన్‌లో యాంటీబయాటిక్‌ల ప్రకటనలు కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అమెరికా, న్యూజిలాండ్ దేశాలలో ప్రిస్క్రిప్షన్ మందులను నేరుగా ప్రజలకే ప్రచారం చేసుకొనే వీలు ఉంది. భారతదేశం ఆ మార్గాన్ని అనుసరించలేదు.

1954 చట్టం – ఒక మినహాయింపు

మందుల ప్రకటనలకు సంబంధించి దేశంలో మొట్టమొదటి సమగ్ర శాసనం ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం 1954. ఇది 1955 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని 3వ సెక్షన్, అనుబంధ షెడ్యూలులో పేర్కొన్న వ్యాధులను గుర్తిస్తుందని, నయం చేస్తుందని, నివారిస్తుందని సూచించే రీతిలో ఏ మందును గురించీ ప్రకటన ఇవ్వరాదని శాసిస్తుంది. కాన్సర్, మధుమేహం, మూర్ఛ, గుండె జబ్బులు, రక్తపోటు, క్షయ, పక్షవాతం, కంటిశుక్లం, బొల్లి మొదలైనవి ఆ షెడ్యూలులో ఉన్నాయి. మందు స్వభావాన్ని గురించి తప్పుడు అభిప్రాయం కలిగించే ప్రకటనలను 4వ సెక్షన్ నిషేధిస్తుంది. తాయెత్తులు, మంత్రాలు, రక్షరేకుల వంటివాటికి వ్యాధులను నయం చేసే శక్తి ఉన్నదని చాటే ప్రకటనలను 5వ సెక్షన్ నిషేధిస్తుంది.

ప్రకటన అనే పదానికి ఈ చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా విస్తృతమైనది. నోటీసు, సర్క్యులర్, లేబుల్, మందు చుట్టిన కాగితం, ఇతర పత్రాలతో పాటు నోటిమాటగా చేసే ప్రచారం, వెలుతురు, శబ్దం, పొగ ద్వారా చేసే ప్రచారం కూడా ఇందులోకి వస్తాయి. చట్టం చేసిన నాడే తొలి నేరానికి ఆరు నెలల వరకు, తదుపరి నేరానికి ఏడాది వరకు జైలు శిక్షకు ఇందులో వీలు కల్పించారు.

ఈ చట్టం రాజ్యాంగబద్ధతను ప్రశ్నిస్తూ హమ్‌దర్ద్ దవాఖానా తదితరులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1959 డిసెంబరులో తీర్పు చెప్పిన న్యాయస్థానం, నిషిద్ధ మందుల వ్యాపార ప్రకటనలకు భావప్రకటన స్వేచ్ఛ రక్షణగా నిలవదని పేర్కొన్నది. చట్టాన్ని ప్రధానంగా సమర్థిస్తూనే, వ్యాధుల జాబితాను పెంచుకొనేందుకు ప్రభుత్వానికి ఇచ్చిన అపరిమిత అధికారాన్ని, జప్తుకు సంబంధించిన ఒక నిబంధనను కొట్టివేసింది. తదనుగుణంగా 1963లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది.

అయితే కొత్త మందుల సమాచారం వైద్యులకు చేరకపోతే చికిత్స ముందుకు సాగదు. దీన్ని గుర్తించే చట్టంలోని 14వ సెక్షన్ కొన్ని మినహాయింపులు కల్పించింది. ఈ మినహాయింపులలో రిజిస్టర్డ్ వైద్యులకు మాత్రమే, నిర్దేశించిన పద్ధతిలో, గోప్యంగా పంపే మందుల ప్రకటన కూడా ఉన్నది. శాస్త్రీయ లేదా సామాజిక దృష్టితో సదుద్దేశంతో రాసిన గ్రంథాలకు కూడా ఈ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. వైద్య పత్రికలలో మందుల ప్రకటనలకు చోటు దొరికిన మార్గం ఇదే.

ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న అర్థం

ఆ గోప్యత ఎలా పాటించాలో 1955 నాటి నిబంధనలలోని 6వ నిబంధన వివరిస్తుంది. ప్రకటనతో కూడిన పత్రాన్ని వైద్యుని పేరిట, చిరునామాతో సహా తపాలా ద్వారా పంపాలి. టోకు, చిల్లర మందుల వ్యాపారులకు పంపేటప్పుడు కూడా చిరునామా ఉండాలి. పత్రం పైభాగాన, చెరగని సిరాతో, స్పష్టంగా కనిపించే విధంగా ‘రిజిస్టర్డ్ వైద్యుల, లేదా ఆసుపత్రి, లేదా ప్రయోగశాల వినియోగానికి మాత్రమే’ అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం ముద్రించాలి.

మందుల కంపెనీల ప్రచార పత్రాలలో, వైద్య పత్రికల ప్రకటనల పేజీలలో ఈ వాక్యం చాలాకాలంగా కనిపిస్తున్నదే. చూసి చూసి అలవాటు పడినందువల్ల దీనిని కేవలం లాంఛనంగా భావించడం పరిపాటి అయింది. నిజానికి ఈ వాక్యం ఒక షరతు. మందు గుణదోషాలను తూకం వేయగల శిక్షణ పొందిన పాఠకునికి మాత్రమే ఈ ప్రకటనను చూపుతున్నామని కంపెనీ ఇచ్చే హామీ అది. ఆ హామీకి రెండు పార్శ్వాలు ఉన్నాయి. ప్రకటన ఆ పాఠకుని దాటి బయటకు పోరాదు. ఆ పాఠకుడు తూకం వేసుకొనేందుకు అవసరమైన సమాచారమంతా ప్రకటనలో ఉండాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా మినహాయింపు ఉద్దేశమే నెరవేరదు.

‘ఆర్.ఎం.పి.’ ఎవరు?

తెలుగు ప్రాంతాలలో ఈ విషయమై ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. చట్టంలోని ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అన్న మాటకు పొడి అక్షరాలే ఆర్.ఎం.పి. కాగా మన గ్రామాలలో ‘ఆర్.ఎం.పి. డాక్టర్’ అన్న పేరు వైద్య పట్టా లేకుండా ప్రథమ చికిత్స చేసేవారికి వాడుకలో స్థిరపడింది. మాట ఒక్కటే అయినా అర్థాలు పూర్తిగా భిన్నం. చట్టం దృష్టిలో రిజిస్టర్డ్ వైద్యుడు అంటే గుర్తింపు పొందిన వైద్య విద్యార్హత ఉన్నవారు, లేదా రాష్ట్రంలో అమలులో ఉన్న చట్టం ప్రకారం వైద్యునిగా నమోదు కావడానికి అర్హత ఉన్నవారు మాత్రమే.

కనుక ఊరిలో ఆర్.ఎం.పి.గా పిలిపించుకుంటున్నంత మాత్రాన ఎవరికీ ఈ మినహాయింపు వర్తించదు. యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌ల ప్రచార పత్రాలను, వైద్య పత్రికల ప్రకటనల ప్రతులను అర్హత లేనివారికి అందజేయడం చట్టం కల్పించిన పరిధిని దాటడమే అవుతుంది. దాని ఫలితం జ్వరానికి మొదటి రోజే శక్తిమంతమైన యాంటీబయాటిక్, మోకాలి నొప్పికి స్టెరాయిడ్ మాత్ర వాడే రూపంలో పల్లెలలో బయటపడుతుంది. అవసరం లేని యాంటీబయాటిక్‌ల వాడకం వల్ల సూక్ష్మజీవులు మందులకు లొంగని స్థితి ఏర్పడుతుంది. దీర్ఘకాలం స్టెరాయిడ్‌లు వాడితే రక్తంలో చక్కెర, రక్తపోటు పెరగడం, ఎముకలు బలహీనపడడం వంటి హాని కలుగుతుంది.

ప్రకటనలో ఏమి ఉండాలి?

వైద్యుల కోసం ఇచ్చే ప్రకటనలలో ఉండవలసిన సమాచారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో వెలువరించిన నైతిక ప్రమాణాలు వివరించాయి. మందులోని క్రియాశీల పదార్థం జెనెరిక్ పేరు, బ్రాండు పేరు, ఒక్కొక్క మోతాదులో దాని పరిమాణం, ఆమోదం పొందిన ఉపయోగాలు, వాడవలసిన విధానం, దుష్ఫలితాలు, ఎవరికి వాడరాదన్న హెచ్చరికలు, ఇతర మందులతో కలిసినప్పుడు ఏర్పడే చర్యలు, తయారీదారు పేరు, చిరునామా వాటిలో ముఖ్యమైనవి. ప్రకటనలోని మాటలు, బొమ్మలు శాస్త్రీయ సమాచారానికి అనుగుణంగా ఉండాలని, అక్షరాలు చదవడానికి వీలైన పరిమాణంలో ఉండాలని కూడా ఆ ప్రమాణాలు సూచించాయి.

మన దేశంలో కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం మందుల మార్కెటింగ్‌కు ఏకరూప నియమావళిని రూపొందించింది. 2015 జనవరి 1 నుంచి స్వచ్ఛంద ప్రాతిపదికన అమలైన ఈ నియమావళి స్థానంలో 2024 మార్చి 12న కొత్త నియమావళిని వెలువరించింది. ఆమోదం రాకముందే మందును ప్రచారం చేయరాదని, ప్రచార సమాచారం సమతూకంగా, తాజాగా, రుజువు చేయగలిగినదిగా ఉండాలని ఈ నియమావళి నిర్దేశిస్తుంది. ‘సురక్షితం’ అన్న మాటను ఎటువంటి వివరణ లేకుండా వాడరాదు. దుష్ఫలితాలు లేనే లేవని ఖండితంగా చెప్పరాదు. దేశంలో ఏడాదికి మించి అందుబాటులో ఉన్న మందును ‘కొత్త’ మందుగా వర్ణించరాదు. ఇతర కంపెనీల మందులతో పోల్చినప్పుడు ఆ పోలిక వాస్తవాలకు లోబడి ఉండాలి.

ఈ జాగ్రత్తలు అవసరమేనా అన్న సందేహానికి విదేశాలలో జరిగిన పరిశీలనలు సమాధానం చెబుతున్నాయి. అమెరికాలో 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పది ప్రముఖ వైద్య పత్రికలలోని 109 ప్రకటనలను నిపుణుల చేత పరిశీలింపజేశారు. వైద్యుడు మరే ఆధారం చూడకుండా కేవలం ప్రకటననే నమ్ముకుంటే, వాటిలో 44 శాతం ప్రకటనలు సరికాని మందు రాయడానికి దారితీస్తాయని పరిశీలకులు భావించారు. స్పెయిన్ వైద్య పత్రికలలోని రక్తపోటు, కొలెస్ట్రాల్ మందుల ప్రకటనలపై 2003లో ‘లాన్సెట్’ పత్రిక మరొక అధ్యయనాన్ని ప్రచురించింది. ఆ ప్రకటనలలో ఆధారాలుగా చూపిన పరిశోధనలలో దాదాపు 44 శాతం, ప్రకటన చెప్పిన మాటను బలపరచలేదని అందులో తేలింది. పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఆధారం పేర్కొన్నంత మాత్రాన ప్రకటన నిజమైపోదని ఈ పరిశీలనలు స్పష్టం చేస్తున్నాయి.

వ్యాసం రూపంలో ప్రకటన

ప్రకటనను ప్రకటనగా గుర్తించగలిగినప్పుడు పాఠకుడు జాగ్రత్త వహిస్తాడు. అదే సమాచారం శాస్త్రీయ వ్యాసం రూపంలో వస్తే ఆ జాగ్రత్త సడలుతుంది. అందువల్లనే కంపెనీలు డబ్బు చెల్లించి పత్రికలలో ప్రచురింపజేసే ప్రచార సామగ్రి ఆ పత్రిక సొంత వ్యాసాలను పోలి ఉండరాదని, ప్రకటన తన అసలు స్వరూపాన్ని దాచుకోరాదని మార్కెటింగ్ నియమావళి నిర్దేశించింది.

ఈ నియమం ప్రాముఖ్యాన్ని తెలిపే ఉదంతం ఒకటి ఆస్ట్రేలియాలో వెలుగుచూసింది. ఎముకలు, కీళ్ల వైద్యానికి సంబంధించినదిగా కనిపించే ఒక పత్రికను ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ అక్కడ 2002 నుంచి 2005 వరకు వెలువరించింది. దాని ఖర్చును మెర్క్ కంపెనీ భరించింది. ఆ కంపెనీ మందులకు అనుకూలమైన వ్యాసాలు అందులో ఎక్కువగా ఉండగా, పాఠకులకు కంపెనీ పాత్రను వెల్లడించలేదు. 2009లో న్యాయస్థానంలో జరిగిన విచారణ సందర్భంగా ఈ విషయం బయటపడింది. ఆ తరహా పత్రికలు మొత్తం ఆరింటిని తమ ఆస్ట్రేలియా కార్యాలయం వెలువరించినట్లు ప్రచురణ సంస్థ అంగీకరించింది.

ఆ పత్రిక ప్రచారం చేసిన మందులలో వయాక్స్ అన్న బ్రాండు పేరుతో విక్రయించిన రోఫెకాక్సిబ్ ఒకటి. కీళ్ల నొప్పులకు వాడే ఈ మందును గురించి 2000 సంవత్సరంలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో పరిశోధన వ్యాసం వెలువడింది. ఆ వ్యాసం పునర్ముద్రణ ప్రతులను కంపెనీ తొమ్మిది లక్షలకు పైగా కొనుగోలు చేసింది. గుండెపోటు ముప్పు పెరుగుతున్నట్లు తేలడంతో 2004 సెప్టెంబరు 30న కంపెనీ ఆ మందును ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకొన్నది. భారత ప్రభుత్వం అదే ఏడాది డిసెంబరులో దాన్ని నిషేధించింది. మందు వాడినవారిలో మూడు గుండెపోటు ఘటనలు ఆ వ్యాసం లెక్కలలో చేరలేదని 2005 డిసెంబరులో పత్రిక సంపాదకులు వెల్లడించారు. పత్రికకు గల ప్రతిష్ఠ ప్రచారానికి సాధనంగా మారినప్పుడు దాని మూల్యం చెల్లించేది ఆ పత్రికను ఎన్నడూ చూడని రోగులేనని ఈ ఉదంతం చెబుతోంది.

వైద్యుల పేరు, ఫోటో వాడరాదు

ప్రకటనలకు వైద్యుల పేరు ప్రతిష్ఠలను జోడించడాన్ని కూడా నిబంధనలు అనుమతించవు. భారత వైద్య మండలి 2002లో జారీచేసిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, ఏ మందుకైనా, చికిత్సా సాధనానికైనా వైద్యుడు తన పేరు, సంతకం, ఫోటోతో ప్రకటనలో వాడుకొనేందుకు సిఫార్సు గానీ, ధ్రువపత్రం గానీ ఇవ్వరాదు. ప్రతిఫలం తీసుకొన్నా, తీసుకోకపోయినా ఇది వర్తిస్తుంది. 2009 డిసెంబరులో చేసిన సవరణ ద్వారా కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ సౌకర్యాలు పొందడంపై ఆంక్షలు విధించారు. మందును బహిరంగంగా సమర్థించరాదని, దాని పనితీరుపై జరిపిన పరిశోధనను తగిన శాస్త్రీయ సంస్థల ముందు గానీ, శాస్త్రీయ పత్రికలలో గానీ సక్రమ పద్ధతిలో వెల్లడించాలని కూడా నిర్దేశించారు. వీటి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలను ప్రకటించింది. అదే నెలలో వాటి అమలును నిలిపివేసి, 2002 నాటి నిబంధనలనే తిరిగి వర్తింపజేసింది.

పత్రిక చేతులు మారినప్పుడు

తపాలా ద్వారా పేరు పేరునా పంపడాన్ని దృష్టిలో ఉంచుకొని 1955లో రూపొందిన నిబంధన నేటి పరిస్థితులలో కొత్త పరీక్షను ఎదుర్కొంటోంది. వైద్యుని గదిలోని పత్రిక రోగులు వేచి ఉండే హాలులోకి చేరుతుంది. ప్రకటన పేజీని ఫోనులో ఫోటో తీసి బంధుమిత్రులకు పంపుతారు. ఇంటర్నెట్‌లో వైద్య పత్రికలను ఎవరైనా చదవగలుగుతున్నారు. పరిశోధన వ్యాసాలు అందరికీ అందుబాటులోకి రావడం ఆహ్వానించదగిన పరిణామమే. ఆ వ్యాసాల పక్కన ఉండే మందుల ప్రకటనలు కూడా అదే విధంగా అందరికీ చేరడం చట్టం ఉద్దేశం కాదు. ‘వైద్యులకు మాత్రమే’ అన్న వాక్యం కింద ఉన్న ప్రకటనను సామాన్యులు చూసి, దాని ఆధారంగా మెడికల్ షాపులో మందు కొనుక్కోవడం ప్రమాదకరం.

ఈ దృష్ట్యా ఎవరి స్థాయిలో వారు పాటించవలసిన జాగ్రత్తలు ఉన్నాయి. పత్రికల నిర్వాహకులు ప్రకటనల పేజీలను వ్యాసాల పేజీల నుంచి స్పష్టంగా వేరు చేయాలి. ఒక మందుపై వ్యాసం ఉన్న చోటనే ఆ మందు ప్రకటనను ఉంచకపోవడం మేలు. ఇంటర్నెట్ సంచికలలో ప్రకటనలు వైద్యులకే కనిపించే ఏర్పాటు చేయాలి. వైద్యులు ప్రకటనలో చూపిన ఆధారాన్ని మూల వ్యాసంతో సరిచూసుకోవాలి. కంపెనీల ప్రచార పత్రాలు, ప్రకటనలున్న పత్రికలను రోగులు కూర్చునే చోట ఉంచరాదు. మెడికల్ షాపుల యజమానులు చీటీ లేకుండా షెడ్యూల్ మందులు ఇవ్వరాదు.

ఫిర్యాదులు ఎక్కడ చేయాలి?

అభ్యంతరకరమైన మందుల ప్రకటనలపై ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోనూ ఔషధ నియంత్రణ పరిపాలన విభాగాలకు ఫిర్యాదు చేయవచ్చు. 1954 చట్టానికి విరుద్ధంగా లేబుళ్లపై వ్యాధి నివారణ ప్రచారం చేసిన మందులను తెలంగాణలో అధికారులు ఇటీవలి సంవత్సరాలలో పలుమార్లు స్వాధీనం చేసుకొన్నారు. మార్కెటింగ్ నియమావళి ఉల్లంఘనలపై కంపెనీల సంఘాలలోని నైతిక కమిటీలను ఆశ్రయించే వీలు ఉంది. వైద్యుల ప్రవర్తనపై ఫిర్యాదులను రాష్ట్ర వైద్య మండళ్లు విచారిస్తాయి. మందు వాడిన తరువాత దుష్ఫలితాలు కనిపిస్తే రోగులు కూడా 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు తెలియజేయవచ్చు.

ఫిర్యాదు చేసేవారు ప్రకటన ప్రతి, పత్రిక పేరు, సంచిక నెల, మందు పేరు, కంపెనీ పేరు జతపరిస్తే విచారణ సులభమవుతుంది. మందు రాసినప్పుడు అది దేనికి, ఎన్ని రోజులు, దానివల్ల వచ్చే ఇబ్బందులు ఏమిటి, తక్కువ ధరలో అదే జెనెరిక్ మందు లభిస్తుందా అని వైద్యుని అడిగి తెలుసుకొనే హక్కు ప్రతి రోగికీ ఉంది. ప్రకటన చూసే అవకాశం లేని రోగి ఈ ప్రశ్నలు అడగడం ద్వారా తన మందు గురించి నేరుగా తెలుసుకోగలుగుతాడు. ఆ ప్రశ్నలకు వైద్యుడు నిజమైన సమాధానం చెప్పగలగాలంటే, ఆయన చదివే పత్రికలోని ప్రకటన నిజాయతీగా ఉండాలి. నిబంధనల పరమార్థం అదే.